ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డుల ప్రాజెక్టు డైరీ: 1923 నుంచి 1928 వరకు

జూన్ మొదటి వారం

అమెరికన్ జాజ్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1923 ఏప్రిల్‌లో తొలిసారి రికార్డింగు గదిలో అడుగు పెట్టినప్పుడు ఇరవై ఒక్కేళ్ల కుర్రవాడు, కింగ్ ఆలివర్ బృందంలో రెండో కార్నెట్ (ట్రంపెట్‌ను పోలిన ఇత్తడి వాద్యం) వాద్యకారుడు. 1928 జూన్ నాటికి అతను బృందాన్ని తన వెంట నడిపించే నాయకుడు, జాజ్‌లో ఒక్కడే వాయించే సోలో పద్ధతికి దారి వేసినవాడు. అయితే ఆ ఐదేళ్లలో రికార్డింగు పద్ధతి కూడా పూర్తిగా మారిపోయింది. మొదట్లో శబ్దమంతా ఒక పెద్ద హారన్ నోట్లోకి చేరి, దాని చివర ఉన్న పలుచని పొరను కదిలించి, ఆ కదలికతోనే మైనం మీద గాడి కోసేది. ఆ తరువాత మైక్రోఫోను, యాంప్లిఫయరు వచ్చాయి. అందువల్ల ఆ ఐదేళ్లలో మనకు వినిపించే ఎదుగుదలలో మనిషిది ఎంత, యంత్రానిది ఎంత అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. నా దగ్గరున్న ఆర్మ్‌స్ట్రాంగ్ లక్క రికార్డులన్నింటినీ (నిమిషానికి దాదాపు 78 చుట్లు తిరిగే పాతకాలపు ప్లేట్లు) శుభ్రం చేసి, సరైన వేగంలో సరైన ముల్లుతో కంప్యూటర్‌లోకి ఎక్కించి, తేదీల వరుసలో వినడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం.

పెట్టెలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం బ్రిటిష్ పార్లోఫోన్ ముద్రణలు. ఆర్మ్‌స్ట్రాంగ్ షికాగోలో ఓకే అనే అమెరికన్ రికార్డు కంపెనీకి చేసిన రికార్డులను పార్లోఫోన్ వారు ఇంగ్లండులో తమ లేబుల్ మీద విడుదల చేశారు. అవే ఓడల్లో ఇండియాకు వచ్చాయి. కొన్ని కోల్‌కతా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లోని పాత రికార్డుల దుకాణాల్లో కొన్నవి, కొన్ని సికింద్రాబాద్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ నాకు అప్పగించినవి. ఆ ఇంటి పెద్దావిడ ప్రతి కవరు మీద ఆ రికార్డు ఏ పండుగకు కొన్నారో పెన్సిలుతో రాసి పెట్టుకున్నారు. ఆ కవర్లు చినిగిపోయినా పారేయలేదు. విడిగా ఒక ఫైలులో భద్రపరిచాను.

జూన్ చివర

కడిగే పని సాగుతోంది. ఈ రికార్డుల్లో లక్క కేవలం బంధకం మాత్రమే, బరువులో ఎక్కువ భాగం మెత్తగా నూరిన రాతిపొడి. అందుకే వీటికి ఇంత బరువు, ఇంత పెళుసుతనం. వినైల్ ఎల్పీలకు (తరువాతి కాలపు ప్లాస్టిక్ రికార్డులకు) వాడే స్పిరిట్ కలిసిన ద్రావణాలను వీటి దగ్గరకు రానివ్వకూడదు, ఎందుకంటే లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగులు పాలిష్ తయారు చేసుకునేది సరిగ్గా అలాగే. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు కడిగే ద్రవసబ్బు రెండు మూడు చుక్కలు కలిపి, లేబుల్ తడవకుండా ప్లాస్టిక్ మూత అదిమిపెట్టి, మెత్తటి కుంచెతో గాడి వెంట గుండ్రంగా తిప్పుతూ కడుగుతున్నాను. తరువాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి కడిగి, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఫ్యాను కింద ఆరబెడుతున్నాను. ఎండలో పెడితే వంకర తిరుగుతాయి.

వానాకాలం ముందే వచ్చింది కనుక ఆరడానికి ఎక్కువసేపు పడుతోంది, తేమ మిగిలితే బూజు తిరిగి వస్తుంది. దశాబ్దాల బూజు, ఉక్కు ముల్లు అరిగి రాల్చిన పొడి కలిసి గాడిలో నల్లటి బురదగా ఉంటాయి. అది పోయాక వెలుతురుకు వాలుగా పట్టి చూస్తే, గాడి ఎక్కడ బూడిదరంగుకు తిరిగిందో తెలుస్తుంది. ఆ బూడిదరంగు అరుగుదల. ఆర్మ్‌స్ట్రాంగ్ గట్టిగా, పైస్థాయిలో ఊదిన చోట్లన్నీ ఆ రంగులో ఉండడం చూసి నాకు కష్టం వేసింది; పాత ఇళ్లలో వారు తమకు బాగా నచ్చిన చోటునే మళ్లీ మళ్లీ వేసుకుని అరగదీశారు.

జూలై మొదటి పక్షం

వేగం, ముల్లు, యాంప్లిఫయరు: ఈ మూడూ కుదిరిన తరువాతే రికార్డింగు మొదలుపెట్టాలని నియమం పెట్టుకున్నాను.

వేగం కొలవడానికి స్ట్రోబ్ కార్డు వాడుతున్నాను, అంటే తిరిగే పళ్లెం మీద పెట్టి మినుకుమనే దీపం వెలుగులో చూసే, వలయాలుగా గీతలున్న అట్ట. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న మన దేశంలో 77 గీతలున్న వలయం నిలకడగా కనబడితే పళ్లెం నిమిషానికి 77.92 చుట్లు తిరుగుతున్నట్టు లెక్క; 60 హెర్ట్జ్ ఉన్న అమెరికాలో 92 గీతలతో అది 78.26. ఈ తేడా చెవికి అందేది కాదు. చిక్కల్లా దీపంతోనే వచ్చింది, ఇప్పటి ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటి వెలుగు కరెంటుతో పాటు అలా మినుకుమనదు కనుక గీతలు నిలబడవు. చివరికి స్విచ్‌బోర్డులో ఉండే ఎర్రటి ఇండికేటరు దీపాన్ని ఒక వైరుకు బిగించి, పళ్లెం పక్కన పెట్టాను. అది నియాన్ దీపం కనుక సెకనుకు వందసార్లు వెలిగి ఆరుతుంది. గీతలు రాయిలా నిలబడ్డాయి.

ముళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఎల్పీ ముల్లు కొన సుమారు 18 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), లక్క రికార్డు గాడికి కావలసినది సుమారు 76 మైక్రాన్లు. ఎల్పీ ముల్లుతో వేస్తే అది గాడి అడుగున ఉన్న చెత్తలో ఈదులాడుతుంది, బుసబుస తప్ప సంగీతం సరిగా పలకదు. 76తో పాటు 64, 89 మైక్రాన్ల ముళ్లు కూడా తెప్పించాను. పాత ఉక్కు ముళ్లు గాడి గోడను ఒక ఎత్తులో అరగదీసి ఉంటాయి. కాస్త లావు ముల్లు ఆ గీతకు పైన, కాస్త సన్న ముల్లు దానికి కింద, ఎవరూ తాకని గోడ మీద నడుస్తుంది. ఒకే రికార్డును మూడు ముళ్లతో వేసి వింటే, ఒకదానిలో చీలిపోయిన కార్నెట్ శబ్దం మరొకదానిలో నిండుగా, గుండ్రంగా పలికినప్పుడు కలిగే ఆనందం ఈ పని చేసేవారికే తెలుస్తుంది.

ముల్లు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచే ప్రీఆంప్లిఫయరును నేనే ఒక చిన్న డబ్బాలో సోల్డరింగు చేసుకున్నాను. బజారులో దొరికేవన్నీ 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ ప్రమాణంగా తెచ్చుకున్న ఆర్ఐఏఏ వంపుకు, అంటే ఏ స్థాయి స్వరాలను ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో చెప్పే లెక్కకు, తగ్గట్టు చేసినవి. అవి కింది స్వరాలను పెంచి, పది వేల హెర్ట్జ్ దగ్గర దాదాపు 13.7 డెసిబెళ్లు తగ్గిస్తాయి. 1928 నాటి రికార్డులో ఆ పై భాగాన్ని ఎవరూ ముందుగా పెంచలేదు కాబట్టి, దానిని తగ్గించడమంటే ఉన్న కాస్త తాళాల మెరుపును కూడా తుడిచేయడమే. నా డబ్బా ఏ వంపూ లేకుండా శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపుతుంది. హారన్ రికార్డులను అలాగే ఉంచుతున్నాను; మైక్రోఫోనుతో చేసిన విద్యుత్ రికార్డులకు మాత్రం కింది స్వరాలను కంప్యూటర్‌లో సరిచేస్తున్నాను. స్టీరియో కార్ట్రిడ్జి (ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) ఎడమ కుడి చానెళ్లను కలిపితే ముల్లు పైకీ కిందికీ కదలడం వల్ల వచ్చే రొద రద్దవుతుంది, పక్కలకు కదిలి పుట్టే సంగీతం మిగులుతుంది. అందుకని రెండు చానెళ్లనూ విడిగానే భద్రపరచి, కలపడం తరువాత చేస్తున్నాను.

జూలై చివర

కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండు 1923 ఏప్రిల్ 5, 6 తేదీల్లో ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో జెన్నెట్ కంపెనీకి చేసిన రికార్డులతో వినడం మొదలుపెట్టాను. జెన్నెట్ అనేది స్టార్ పియానో కంపెనీ వారి లేబుల్; స్టూడియో ఫ్యాక్టరీ ఆవరణలో, రైలు పట్టాల పక్కన ఉండేది. ఆ అసలు రికార్డులు నాకు అందే ధరలో లేవు, కనుక పునర్ముద్రణ ఎల్పీల మీద విన్నాను. ఇక్కడ వేగం సమస్య నిజంగా ఎదురయింది. ఒకే పాట ఒక ఎల్పీ మీద ఒక శ్రుతిలో, మరో ఎల్పీ మీద ఇంకో శ్రుతిలో ఉంది, ఎందుకంటే ఆనాటి రికార్డులన్నీ కచ్చితంగా 78 వేగంతో కోసినవి కావు, పునర్ముద్రించినవారు ఒక్కొక్కరు ఒక్కో విధంగా అనుకున్నారు. 78కి బదులు 80 వేగంలో వేస్తే శ్రుతి ఒక స్వరస్థానంలో సగానికి కాస్త తక్కువగా పెరుగుతుంది. దానితో పాటు నడకా, కార్నెట్ గొంతూ మారతాయి.

కర్ణాటక కచేరీలకు వాడే ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఇక్కడ గొప్పగా అక్కరకు వచ్చింది. కార్నెట్, క్లారినెట్ వాద్యకారులు చేతికి సులువైన ఫ్లాట్ శ్రుతులనే ఎంచుకుంటారు గనుక, ఎఫ్ అంటే నాలుగో శ్రుతి, ఈ ఫ్లాట్ అంటే రెండున్నర, బీ ఫ్లాట్ అంటే ఆరున్నర, ఏ ఫ్లాట్ అంటే ఐదున్నర, వీటిలో ఏది దగ్గరో చూసి, రికార్డు శ్రుతి దానితో కలిసేవరకు వేగం మారుస్తున్నాను. మా వీధిలోని వయొలిన్ మాస్టారిని ఒక సాయంత్రం పిలిచి, కళ్లు మూసుకుని వినమన్నాను. "కాస్త దించండి బాబూ, ఇంకా ముక్కుతో పాడుతున్నట్టుంది. ఆఁ, ఇప్పుడు దిగింది," అన్నారు. శ్రుతి కలిసిన క్షణంలో క్లారినెట్‌కు చెక్క వాసన వచ్చినట్టయింది.

ఈ రికార్డుల్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది కూడా సంగీతంలో భాగమే. ఆర్మ్‌స్ట్రాంగ్ శబ్దం ఆలివర్ శబ్దాన్ని మింగేస్తోందని అతన్ని హారన్‌కు చాలా దూరంగా, వెనుక నిలబెట్టారని లిల్ హార్డిన్ తరువాత చెప్పారు. ఆమె ఆ బృందంలో పియానో వాయించారు, మరుసటి ఏడు అతన్ని వివాహం చేసుకున్నారు. డప్పు మోత మైనం మీది ముల్లును ఎగరగొడుతుందన్న భయంతో బేబీ డాడ్స్ తన డ్రమ్ముల జోలికి పోకుండా చెక్క దిమ్మెల మీదే తాళం వేయవలసి వచ్చింది. అంటే 1923 రికార్డులో మనం వినేది ఆ బృందం షికాగోలోని లింకన్ గార్డెన్స్ నృత్యశాలలో రాత్రుళ్లు వాయించిన సంగీతానికి సగం కాపీ మాత్రమే. "చైమ్స్ బ్లూస్"లో ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఒంటరి అవకాశం దొరికిన చోట, దూరం నుంచి వచ్చినా ఆ స్వరాలకు అంచులు కరకుగా, స్పష్టంగా ఉన్నాయి. అది యంత్రం చలవ కాదు. అదే బృందం "డిప్పర్ మౌత్ బ్లూస్"ను ఏప్రిల్‌లో జెన్నెట్‌కు, జూన్‌లో ఓకేకు రెండుసార్లు చేసింది. రెండింటినీ వరుసగా వింటే ఆలివర్ మ్యూట్‌ను (కార్నెట్ నోటికి అడ్డం పెట్టే మూతను) తెరుస్తూ మూస్తూ పలికించిన ఆ మూడు ఆవృత్తాలు (బాణీ ఒకసారి పూర్తిగా తిరిగితే ఒక ఆవృత్తం) రెండు గదుల్లో రెండు రంగుల్లో కనిపిస్తాయి. నాకు జెన్నెట్‌దే ఎక్కువ ఇష్టం, దానిలో బృందంలోని బిల్ జాన్సన్ పెట్టే కేక ఇంకా ఒళ్లు జలదరింపజేస్తుంది.

ఆగస్టు

ఆర్మ్‌స్ట్రాంగ్ సొంత అయిదుగురి బృందం హాట్ ఫైవ్ మొదలయింది. 1925 నవంబరు 12న షికాగోలో తొలి సెషను: ఆర్మ్‌స్ట్రాంగ్, కిడ్ ఓరీ ట్రాంబోన్, జానీ డాడ్స్ క్లారినెట్, లిల్ పియానో, జానీ సెంట్ సీర్ బాంజో. డ్రమ్ములు లేవు, బాస్ లేదు. అది కేవలం రికార్డుల కోసం ఏర్పడిన బృందం, హారన్ తట్టుకోలేని వాద్యాలు దానిలో మొదటినుంచీ లేవు. అందుకే ఆ రికార్డులు నేటికీ తేలికగా, స్పష్టంగా ఉంటాయి. యంత్రం పరిమితే బృందం ఆకారాన్ని నిర్ణయించిందని నేను నమ్ముతున్నాను. 1926 ఫిబ్రవరి నాటి "హీబీ జీబీస్" నా దగ్గరున్న ముద్రణలో బాగా అరిగిపోయింది, 89 మైక్రాన్ల ముల్లుతో మాత్రమే పాట చివరివరకు వినగలిగాను. ఆర్మ్‌స్ట్రాంగ్ సాహిత్యం వదిలి అర్థంలేని అక్షరాలతో పాడే చోట గాడి తక్కిన చోట్లకన్నా ఎక్కువ బూడిదరంగుగా ఉండడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

1927 మే నాటి ఏడుగురి బృందం హాట్ సెవెన్‌కు వచ్చేసరికి గది తలుపు తెరిచినట్టయింది. మైక్రోఫోను వచ్చింది, దానితో పాటు పీట్ బ్రిగ్స్ ట్యూబా, బేబీ డాడ్స్ డ్రమ్ములు వచ్చాయి. మే 10న చేసిన "పొటాటో హెడ్ బ్లూస్"లో బృందమంతా రెండేసి బార్లకు (బారు అంటే పాశ్చాత్య తాళంలో ఒక చిన్న ఆవర్తం) ఒక దెబ్బ వేసి ఆగిపోతుంది, ఆ ఖాళీలన్నిటినీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడే నింపుతూ 32 బార్లు నడిపిస్తాడు. ఆ దెబ్బలు ఎంత గట్టిగా, ఎంత సమంగా పడుతున్నాయో వినబడితేనే అతను వాటిని ఎక్కడ దాటుతున్నాడో, ఎక్కడ కావాలని ఆలస్యం చేస్తున్నాడో తెలుస్తుంది. హారన్‌తో ఇది ఇంత చక్కగా దొరికి ఉండేది కాదు. ఇక్కడ యంత్రం వాటా పెద్దదే.

సెప్టెంబరు

ఈ నెలలో ఎక్కువ సమయం ఒక రికార్డులోని ఒకే ఒక్క వైపు మీద గడిచింది: 1928 జూన్ 28న షికాగోలో చేసిన "వెస్ట్ ఎండ్ బ్లూస్", మాట్రిక్స్ సంఖ్య (ఆ ధ్వనిముద్రణకు కంపెనీ ఇచ్చిన గుర్తు) 400967, బి టేక్, అంటే రెండో ప్రయత్నం. పాట కింగ్ ఆలివర్‌ది. ఆయన బృందం అదే నెల 11న దానిని తమ పద్ధతిలో రికార్డు చేసింది. పేరు న్యూ ఆర్లియన్స్‌లోని పాంచట్రెయిన్ సరస్సు ఒడ్డున ఉన్న వినోదస్థలానిది. పాత హాట్ ఫైవ్‌లో ఇక్కడ ఆర్మ్‌స్ట్రాంగ్ తప్ప ఎవరూ లేరు: ఎర్ల్ హైన్స్ పియానో, ఫ్రెడ్ రాబిన్సన్ ట్రాంబోన్, జిమ్మీ స్ట్రాంగ్ క్లారినెట్, మాన్సీ కార్ బాంజో, జటీ సింగిల్‌టన్ డ్రమ్ములు.

మొదట పన్నెండు పదమూడు సెకన్లు ట్రంపెట్ ఒంటరిగా, తాళానికి కట్టుబడకుండా పలుకుతుంది. నాలుగు గట్టి స్వరాలు, అక్కడి నుంచి పైకి ఎక్కి, నిలిచి, మలుపులు తిరుగుతూ దిగడం. కృతికి ముందు ఆలాపనలో రాగం అంతా ఒక్క ఊపిరిలో కనబడినట్టు, రాబోయే మూడు నిమిషాల ఛాయ అంతా అక్కడే కనిపిస్తుంది. ఈ భాగం మీద చిటపటలు తీసే సాఫ్ట్‌వేరును ప్రయోగించి చూస్తే, అది ట్రంపెట్ స్వరాల మొదటి దెబ్బనే చిటపటగా భావించి కోసేసింది. ఇత్తడి వాద్యాల తరంగరూపంలో ఉండే పదునైన కొనలు గీతల చప్పుడును పోలి ఉంటాయి. అందుకని ఆ సెకన్లను పెద్దవి చేసి తెర మీద చూసుకుంటూ, ఒక్కొక్క చిటపటను చేత్తో ఎంచి తీశాను. ఉపరితలపు బుసను అసలు ముట్టుకోలేదు.

వేగం తేల్చడానికి శ్రుతిపెట్టెను రెండున్నరలో పెట్టాను, పాట ఈ ఫ్లాట్‌లో ఉంది కనుక. రెండో ఆవృత్తంలో రాబిన్సన్ ట్రాంబోన్ వెనుక జటీ సింగిల్‌టన్ చేత్తో పట్టుకుని వాయించే తాళాల టకటక పొడిగా, దగ్గరగా వినబడింది. మూడో ఆవృత్తంలో క్లారినెట్ కింది స్థాయిలో ఒక మాట అంటే ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ దించి, పదాలు లేకుండా మృదువైన గొంతుతో బదులిస్తాడు. నాలుగోది హైన్స్ పియానో, కుడిచేయి ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి ఒత్తుతూ ట్రంపెట్‌లా మోగుతుంది. ఇక చివరి ఆవృత్తంలో ఆర్మ్‌స్ట్రాంగ్ పైస్థాయి బీ ఫ్లాట్ అందుకుని దాదాపు నాలుగు బార్లు నిలిపి ఉంచుతాడు. రెండున్నర శ్రుతికి అది తారస్థాయి పంచమం. వయొలిన్ మాస్టారు శ్రుతిపెట్టెతో పాటు ఆ స్వరాన్ని విని, "పంచమం మీద ఎలా నిలబెట్టాడో చూశారా, ఊపిరి ఎక్కడా సడలలేదు, శ్రుతి వెంట్రుకవాసి కదలలేదు," అన్నారు. జాజ్ పేరు తప్ప ఏమీ తెలియని ఆయన మళ్లీ వేయమని అడిగారు. నేను ఆ వైపు ఎన్నోసార్లు విన్నాను కానీ, ఆ స్వరం వెనుక హైన్స్ నెమ్మదిగా ఒత్తుతున్న స్వరసమూహాలు ఇంత విడిగా ఇదే మొదటిసారి వినడం. 64 మైక్రాన్ల ముల్లు చేసిన మేలు అది.

ఆ పంచమం మైక్రోఫోను లేకపోయినా ఉండేదే. అతని ఊపిరి, పెదవి, కాలం మీద పట్టు ఎవరూ ఇచ్చినవి కావు. అయితే దాని వెనుక నిశ్శబ్దంగా జరిగేదంతా విద్యుత్తు మనకోసం భద్రపరిచి ఇచ్చింది. నా ప్రశ్నకు ఇప్పటివరకు దొరికిన సమాధానం ఇదే.

అక్టోబరు

కొద్దిగా పక్కదారి. సికింద్రాబాద్ కుటుంబం ఇచ్చిన పెట్టె అడుగున టెడ్డీ వెదర్‌ఫోర్డ్ కలకత్తాలో చేసిన కొలంబియా రికార్డు ఒకటి బయటపడింది. 1926 మేలో షికాగోలో ఎర్‌స్కిన్ టేట్ వెండోమ్ ఆర్కెస్ట్రా చేసిన రెండు రికార్డుల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కన పియానో వాయించినది ఈ వెదర్‌ఫోర్డే. తరువాత ఆసియాకు వచ్చి షాంఘైలో, బొంబాయి తాజ్ హోటల్లో, చివరికి కలకత్తా గ్రాండ్ హోటల్లో వాయించి, 1945లో అక్కడే కలరాతో మరణించాడు. హిందుస్తానీ గాయకుల రికార్డులు, తెలుగు నాటకాల ప్లేట్లు అచ్చయ్యే డమ్‌డమ్ ఫ్యాక్టరీలోనే అతని జాజ్ కూడా అచ్చయింది. నా చేతిలోని ఆ రికార్డు బాగా అరిగింది కానీ, ఎడమచేతి నడకలో షికాగో స్పష్టంగా తెలుస్తోంది. దానిని ఈ వరుసలో అనుబంధంగా చేర్చాను.

జాబితా పని కూడా పూర్తి చేస్తున్నాను. ప్రతి వైపుకు లేబుల్, కాటలాగు సంఖ్య, గాడి చివర ఖాళీలో చెక్కిన మాట్రిక్స్ సంఖ్య, టేక్, వాడిన ముల్లు, తేల్చిన వేగం, శ్రుతి రాస్తున్నాను. సరిచేయని అసలు ఫైలును 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల అధిక నాణ్యతలో విడిగా ఉంచుతున్నాను, రేపు నాకన్నా మంచి చెవి ఉన్నవారు దానినుంచి మళ్లీ మొదలుపెట్టగలిగేలా. మన చట్టంలో ధ్వనిముద్రణల హక్కు 60 ఏళ్లే కనుక ఈ రికార్డుల మీద ఆ హక్కు ఇక్కడ తీరిపోయింది. అడిగిన మిత్రులకు ఫైళ్లతో పాటు ఆ వివరాలూ పంపుతున్నాను, వివరాలు లేని శబ్దం నాకు సగం రికార్డుగానే తోస్తుంది.

తరువాతి పని నిర్ణయమైపోయింది. ఆర్మ్‌స్ట్రాంగ్ రచన "వెదర్ బర్డ్ రాగ్"ను 1923 ఏప్రిల్ 6న ఆలివర్ బృందం జెన్నెట్ హారన్ ముందు వాయించింది. 1928 డిసెంబరు 5న అదే బాణీని ఆర్మ్‌స్ట్రాంగ్, హైన్స్ ఇద్దరే, బృందం ఏదీ లేకుండా మైక్రోఫోను ముందు వాయించారు. ఒకే బాణీ, ఒకే మనిషి, నడుమ ఐదేళ్లు, రెండు యంత్రాలు. ఈ ప్రాజెక్టుకు ఇంతకన్నా సరైన పరీక్ష లేదు. 1928 రికార్డుకు మంచి ప్రతి ఒకటి కోల్‌కతా దుకాణంలో నా పేరు మీద పక్కన పెట్టి ఉంచారు. అది చేరగానే 64, 76 మైక్రాన్ల ముళ్లు రెండింటితోనూ ఎక్కించి, 1923 రికార్డును శ్రుతిపెట్టెతో అదే శ్రుతికి తెచ్చి, రెండింటినీ వరుసగా వింటాను.